ఓవెన్‌లో ఏమవుతోందో!

కెనడాలోని హామిల్టన్‌లో చదువుకుంటూ నేనూ, నా స్నేహితురాలు స్వప్నా, రూత్ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లం. అక్కడి పంటల పండుగ థాంక్స్‌గివింగ్ నాడు ఆంటీ టర్కీ కోడి పొట్టలో బ్రెడ్ ముక్కలూ ఉల్లిపాయలూ కూరి ఓవెన్‌లో పెట్టి, కాస్త కనిపెట్టుకుని ఉండమని మాకు చెప్పి, కొడుకు కుటుంబాన్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్లింది.

ఓవెన్ అద్దం మసిబారి లోపల ఏమీ కనిపించదు. పొయ్యి మీద కూరుంటే మూత తీసి చూడందే ఉండలేని చేతులు మావి. అంత పెద్ద కోడి అలాగే ఎలా ఉడుకుతుందోనని ఒకసారి నేను, ఒకసారి స్వప్న తలుపు తెరుస్తూనే ఉన్నాం.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక ఆంటీ కత్తి దించితే ఎర్రటి నీళ్లు కారాయి.

"పచ్చిగనే ఉన్నదే! మనం తెరిచినప్పుడల్లా వేడంతా బయటికి పోయినట్టుంది," అని స్వప్న నా చెయ్యి గిల్లింది.

ఆంటీ మొహం చిన్నబోయింది. గబగబా టర్కీని ముక్కలు కోసి మా కుక్కర్‌లో వేశాం. బ్రెడ్‌ని ఉప్మాలా బాణలిలో వేయించాం. మొదటి విజిల్‌కి ఆంటీ ఉలిక్కిపడి దగ్గరకొచ్చింది.

"లోపల ఏమవుతోంది? ఒక్కసారి మూత తీసి చూడనా?"

"అమ్మో, వద్దాంటీ!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆగలేకపోవడం మా చేతులకే అలవాటనుకున్నాను, అప్పటిదాకా.