ఎన్ని ముద్దలు తిన్నది

మెదడులో కణితి తీశాక మా చెల్లి కుడిచెయ్యి బలహీనపడింది. ఎనిమిదేళ్ల పిల్ల. వారానికి మూడుసార్లు నాంపల్లిలోని మా ఇంటి నుంచి ఆబిడ్స్‌లో థెరపీకి నేనే తీసుకెళ్లేదాన్ని. రోజూ కుడిచేత్తోనే అన్నం తినాలని, ఎన్ని ముద్దలు తిన్నదో నోట్‌బుక్‌లో రాయమని అక్కడి మేడం చెప్పింది.

ఇంట్లో అది సాగలేదు. కుడిచేతిలోంచి మెతుకులన్నీ జారిపోయేవి. విసుగొచ్చి చెల్లి ఎడమచెయ్యి పెడితే నానమ్మ ఊరుకునేది కాదు.

"ఎడమచేత్తోని అన్నం తింటరా బిడ్డా? నోరు తెరువు," అంటూ తనే తినిపించేది.

నానమ్మకు ఎదురుచెప్పే ధైర్యం నాకు లేదు, అప్పటికి ఓపిక కూడా లేదు. నోట్‌బుక్‌లో మాత్రం రోజూ ఆరు ముద్దలని రాశాను.

నెల తర్వాత మేడం ఆ పేజీలు చూసింది. చెల్లి వేళ్లు వంచి చూసింది.

"ఇంత చేసినా బలం రాలేదంటే మళ్లీ స్కానింగ్ తీయించాలమ్మా."

చెల్లి ముఖం పాలిపోయింది. ఆ గొట్టంలాంటి మిషన్ అంటే దానికి చచ్చేంత భయం.

"తినలేదు మేడం. నేనే ఉత్తగ రాసిన," అన్నాను.

మేడం నోట్‌బుక్ మూసి నా చేతికిచ్చింది. "కథలు మంచిగనే రాస్తవ్. స్కానింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పిల్లను తిననియ్యి."

ఆ మధ్యాహ్నం నానమ్మ చేతిలోంచి కంచం తీసుకుని చెల్లి ముందు పెట్టాను. అరగంటలో రెండు ముద్దలు నోటిదాకా వెళ్లాయి.

"ఎంతసేపే గిట్ల?" అంది నానమ్మ.

"అది తినేదాక," అన్నాను. ముగ్గురం కూర్చున్నాం.