సువార్తమ్మ చెప్పిన అబద్ధం

హనుమకొండ సుబేదారిలో ఇంగ్లీషు టైపు కావాలంటే అందరూ లిదియా ఇంటికే దారి చూపేవారు. మెడికల్ కాలేజీ వాళ్ళ థీసిస్‌లు, పరకాల కాంట్రాక్టర్ల టెండర్లు, కాశిబుగ్గ చేనేత సంఘం అర్జీలు అన్నీ ఆమె ముందుగదిలోనే తయారయ్యేవి. తండ్రి దేవదానం ప్రైవేటు బస్సు డ్రైవరు. లిదియా చిన్నప్పుడే కామెర్లతో పోయాడు. తల్లి సువార్తమ్మ ఒక బడిలో ఆయాగా చేసి కూతురికి టైపు హయ్యర్ పాస్ చేయించింది. ఉద్యోగం కోసం తిరిగి విసిగిపోయిన లిదియా పాత మిషను ఒకటి కొనుక్కుని ఇంట్లోనే పని మొదలుపెట్టింది. ఆమె వేళ్ళకు వేగం ఉంది, తప్పులు పడవు. రెండు మూడేళ్ళలో ఇంకో మిషను, కాపీలు తీసే సైక్లోస్టైల్ యంత్రం కూడా వచ్చాయి. సువార్తమ్మ కంటిచూపు తగ్గి పని మానేసింది.

సంపాదన పెరిగాక పన్ను సంగతి వచ్చింది. దుకాణాలకు లెక్కలు రాసే సారంగపాణి ఆమెకు తెలిసినవాడు. ఇట్లాగే సాగితే ఆదాయపు పన్ను కట్టాల్సి వస్తుందని అతనే చెప్పాడు. లిదియాకు అది అన్యాయంగా తోచింది. జీతం లేదు, సెలవు లేదు, రేపు వేళ్ళు పడిపోతే అడిగే దిక్కు లేదు. తాను పగలంతా కొట్టి సంపాదించినదాంట్లో సర్కారుకు వాటా ఎందుకనుకుంది. సారంగపాణి ఉపాయం చెప్పాడు. పనిని తల్లి పేరున సగం, తన పేరున సగం చూపిస్తే ఇద్దరి ఆదాయమూ చిన్నదవుతుంది, పన్ను దాదాపు ఉండదు.

"ఇందుల తప్పేం లేదమ్మా. అందరు చేసేదే" అన్నాడు.

అట్లా తల్లి వంతుకు ఇంటి ముందు 'సువార్త టైపింగ్ వర్క్స్, ప్రొ. కె. సువార్తమ్మ' అని బోర్డు లేచింది. చూపించిన చోటల్లా సువార్తమ్మ కూడబలుక్కుంటూ తెలుగులో సంతకాలు చేసింది. ఇవేం కాగితాలని ఒకసారి అడిగింది. నీకేం ఫికర్ లేదు, పని కోసమే అని లిదియా తేల్చేసింది. కూతురి మాట మీద ఆమెకు అంత నమ్మకం.

ఎనభై ఆరులో ఊరి చివర పేద వితంతువులకు ఇళ్ళ జాగాలు ఇస్తారని తెలిసింది. స్వంత ఆదాయం లేని ఆడవాళ్ళకే. పక్కింటి సమ్మమ్మ, సువార్తమ్మ కలిసి మండలాఫీసులో దరఖాస్తు పెట్టారు. దేవదానం బతికున్నప్పుడూ, పోయాకా కిరాయిళ్ళే. సొంత గోడ అన్నది సువార్తమ్మ ఎరగదు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ వంటిల్లు ఎటు ఉండాలి, కిటికీ ఎటు పెట్టాలి అని సమ్మమ్మతో మాట్లాడుతూనే ఉండేది. లిదియా వినేది. బోర్డు మాట ఆమెకు తట్టనే లేదు.

విచారణకు మండలాఫీసు నుంచి పాండురంగం అనే గిర్దావరు వచ్చాడు. పగటి పూట. సువార్తమ్మ గడపలో చింతపండు పిక్కలు తీస్తోంది. లిదియా లోపల టైపు కొడుతోంది, మధ్యన పరదా. పాండురంగం బోర్డు చదివి, ఈ సువార్తమ్మ ఎవరని అడిగాడు. నేనే అంది ఆమె. మరి ఆదాయం లేదని రాశారు కదా, ఈ పని ఎవరిదన్నాడు.

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

బోర్డు సంగతి లిదియాకు అప్పుడు తట్టింది. లేచి పరదా తీసి, పని నాది సార్, అమ్మ పేరు ఊరికే పెట్టాం అంటే సరిపోయేది. కానీ ఆ మాట పైకి పోతే పన్నువాళ్ళు వస్తారు, కేసంటారు, మిషన్లు తీసుకుపోతారు. సారంగపాణి అట్లాగే భయపెట్టి ఉంచాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

సువార్తమ్మకు చదువు లేకపోయినా కూతురి మౌనం అర్థమైంది.

"నేనే కొడ్త సార్" అంది. "బిడ్డ జర ఆసరైతది."

పాండురంగం ఆమె కళ్ళజోడు వైపు, చింతపండు అంటిన చేతుల వైపు ఒక్క నిమిషం చూశాడు. తర్వాత రాసుకుని వెళ్ళిపోయాడు. జాబితాలో సమ్మమ్మ పేరు వచ్చింది, సువార్తమ్మ పేరు రాలేదు. సువార్తమ్మ ఎప్పటిలాగే వండింది, వడ్డించింది. లిదియా మాత్రం తల్లి ముఖం చూసి అన్నం తినలేకపోయింది. కోపం చేసినా బాగుండునని ఎన్నోసార్లు అనుకుంది.

ఆ నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం ఇచ్చారు, బల్ల అంటారు వాళ్ళు. రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వచ్చింది. సువార్తమ్మ ముట్టకుండా పక్కామెకు అందించింది. మరుసటి నెలా అంతే. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి ఆమె బల్ల తప్పడం ఎవరూ చూడలేదు. ఇంటికి నడిచి వస్తుంటే లిదియా ఉండబట్టలేక అడిగింది.

"అబద్ధమాడిన నోరు బిడ్డా. ఎట్ల తింట?" అంది తల్లి. అందులో నిష్ఠూరం లేదు. అదే లిదియాను ఎక్కువ కాల్చింది.

తెల్లారి లిదియా సారంగపాణికి చెప్పకుండా ఇన్‌కం టాక్స్ ఆఫీసుకు పోయింది. పని మొత్తం తనదేనని, తల్లికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదని, సంతకాలు తానే పెట్టించానని చెప్పింది. అక్కడి ఆఫీసరు చాలాసేపు విని, మళ్ళీ కొత్తగా లెక్క చూపించి, తక్కువైన పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా కట్టమన్నాడు. సైక్లోస్టైల్ యంత్రం, రెండో మిషను అమ్మి కట్టింది. జైలు లేదు, జప్తు లేదు. ఇంత చిన్న భయానికా తల్లిని నిలబెట్టి అబద్ధమాడించానని ఆఫీసు మెట్లు దిగుతూ తనను తాను తిట్టుకుంది.

జరిగినదంతా చెప్పి, ఇక నువ్వు బల్లలో చెయ్యి వేయొచ్చు అంది తల్లితో. సువార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"నీది నువ్వు ఒప్పుకున్నవ్. నాది నేను ఒప్పుకోవాలె గద."

కర్ర పట్టుకుని ఒక్కతే మండలాఫీసుకు పోయింది. పాండురంగం గుర్తుపట్టి స్టూలు వేశాడు. ఆరోజు తాను చెప్పింది అబద్ధమని, టైపు తనకు రాదని ఆమె చెప్పింది. నాకు అప్పుడే తెలుసమ్మా, కానీ మీరు చెప్పిందే రాయాలి కదా అన్నాడతను. పట్టాలు పంచడం అయిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభమని అడిగాడు.

"లాభానికి రాలే సార్" అని లేచి వచ్చింది.

ఆ తర్వాత బల్ల ఇచ్చిన ఆదివారం సువార్తమ్మ రొట్టె తీసుకుంది. పళ్ళెం కూతురి వైపు చాపింది. తల్లికి తప్పిపోయిన జాగా గుర్తొచ్చి లిదియా చెయ్యి లేవలేదు. సువార్తమ్మ పళ్ళెం పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. వెనక వరుసవాళ్ళు కదులుతున్నారు. చివరికి లిదియానే పళ్ళెం అందుకుని, తీసుకోకుండా పక్కకు పంపింది. అట్లా ఆమె చాలా నెలలు పంపింది.

మరుసటేడు సమ్మమ్మ ఆ జాగాలో రెండు గదులు వేసుకుని వీళ్ళను భోజనానికి పిలిచింది. సువార్తమ్మ పొద్దున్నే పోయి వంటలో చెయ్యేసింది. లిదియా మధ్యాహ్నం పోయింది కానీ గడప దాటలేక, సున్నం వాసన వేసే గోడ పక్కన ఎండలోనే నిలబడింది. లోపల తల్లి తడుముకుంటూ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"కిటికి ఇటు పెట్టిచ్చినవ్, మంచిగ చేసినవ్ సమ్మక్కా. గాలి మస్తు వస్తాంది" అంటోంది సువార్తమ్మ.