ఖాళీ క్రేట్ల గది

ముందు పోయినవి లెక్కపెడతాను. కుప్పంలో నా కూతురి డిగ్రీ రెండో సంవత్సరం, రెండుసార్లు. బెంగళూరులో దొరికి, నెల తిరక్కుండానే పోయిన ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. నిద్ర. ఇవన్నీ జబ్బు తీసుకుపోయినవే అని ఇంట్లో అంటాం. నేనూ అంటాను. కానీ జబ్బు తీసుకుపోనిది ఒకటుంది. దాన్ని తీసుకున్నది నేను. నాలుగేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసే రైటర్ని. పదో తరగతి తప్పాక లెక్కలు మండీలోనే నేర్చుకున్నాను, కాగితం లేకుండా. వేలం పాట ఆగేలోపే రైతు చేతికి ఎంత వస్తుందో చెప్పేవాణ్ణి. నాకున్న గొప్ప అదొక్కటే. దాన్ని బిడ్డకు ఇవ్వాలనుకున్నాను. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, సెలవు రోజుల్లో మా ఊరు పుంగనూరు నుంచి బస్సులో వెంటబెట్టుకొచ్చేవాణ్ణి. వ్యాపారులు చుట్టూ చేరి లెక్కలు అడిగేవాళ్లు. ఆమె చెప్పేది.

"ఏమప్పా రైటరూ, రేపట్నించి నీ కుర్చీలో ఈ పాపే కూసుంటాది సూడు. నువ్వింక క్రేట్లు మోసుకోవాల్సిందే!"

నవ్వేవాళ్లు. నాకు ఛాతీ పొంగేది.

తప్పు చెబితే? ఖాళీ క్రేట్లు పేర్చే గదిలో ఉంచి బయట గడియ పెట్టేవాణ్ణి, సరైన లెక్క చెప్పి బయటికి రమ్మని. నాకు లెక్క నేర్పినాయన చెవి మెలిపెట్టేవాడు. నేను చెయ్యి కూడా ఎత్తడం లేదు కదా, ఆయనకంటే మంచివాణ్ణే కదా అనుకున్నాను. చీకటి కూడా దెబ్బేనని తోచలేదు.

ఒకరోజు, మంచి సీజన్‌లో, లారీలు వరుసపెట్టి వచ్చాయి. బిడ్డను మర్చిపోయాను. మధ్యాహ్నం వేసిన గడియ దీపాలు వెలిగాక తీశాను. క్రేట్ల మధ్య కూర్చుని ఉంది. గొంతు పోయింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. వంగి విన్నాను. సరైన జవాబే. అది ఎప్పుడు తట్టిందో, తలుపుకు ఎన్నిసార్లు చెప్పుకుందో!

"అమ్మకు చెప్పొద్దు," అన్నాను. చెప్పలేదు.

పంతొమ్మిదో ఏట జబ్బు బయటపడింది. కొన్ని వారాలు నిద్రపోకుండా మాట్లాడేది; కొన్ని వారాలు మంచం దిగేది కాదు. బైపోలార్ అన్నారు డాక్టరు. చిన్నప్పుడు బాగా భయపడిన సంగతులేమైనా ఉన్నాయా అని అడిగారు. వాటివల్లే జబ్బు వచ్చిందనడం లేదు, అలాంటివి ఉంటే జబ్బు ఎక్కువ బాధపెట్టవచ్చు, తెలిస్తే వైద్యం దానికి తగ్గట్టు చేయవచ్చు అన్నారు.

"ఒక చీకటి గది సార్. కుళ్లిన టమాటా వాసన. ఎంత తట్టినా ఎవురూ రారు," అంది బిడ్డ. నా వైపు తిరిగింది. "నాన్నా, అది జరిగిందా?"

పక్కన నా భార్య ఉంది. డాక్టరు పెన్ను పట్టుకుని చూస్తున్నారు.

"అట్లాంటిదేం లేదు సార్. బిడ్డ ఊహించుకుంటాండాది."

ఆమె వాదించలేదు. "అయితే అది కూడా జబ్బేనా," అంది, మెల్లగా.

నా గది వల్లే జబ్బు వచ్చిందా? తెలియదు. ఈ ప్రశ్న వెనక దాక్కుంటున్నానేమో కూడా. గదిలో పెట్టినప్పుడు నాకు తెలివి లేదు. అబద్ధం చెప్పినప్పుడు అన్నీ తెలుసు. ఆ రోజు నుంచి ఆమె తన జ్ఞాపకాన్ని నమ్మడం మానేసి, నన్ను నమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు మళ్లీ కుప్పంలో చదువుతోంది. ఫోన్ చేస్తుంది: "నాన్నా, నిన్న నేను ఫోన్లో అమ్మమీద అరిసినానా, లేకుంటే ఊరికే అనుకుంటాండానా?" ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ ఒక్క సంగతి తప్ప. ఆ గది కళ్లలో మెదిలిన ప్రతిసారీ జబ్బు తిరగబెడుతోందని భయపడుతుంది. ఆ భయంతోనే పోయిన నెల మందు మోతాదు పెంచమని అడిగింది. డాక్టరు పెంచారు. అది మింగితే చేతులు వణుకుతున్నాయట.

మొన్న ఆ గది సంగతి మళ్లీ అడిగింది. సిగ్నల్ సరిగా లేదమ్మా అన్నాను.

ఇక్కడ మాత్రం రాశాను, జరిగిందని. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ ఊరట నాకే. ఆమెకు నేను పడ్డ బాకీ ఈ రోజుకీ ఒక్క మాట: అవును.