పురిటిగది కుళాయి

కాకినాడలో డిప్లొమా ముగించి చోడవరం వచ్చిన ఏడాది, పెరట్లో నూతి పక్కన ఇటుకల దిమ్మ కట్టి దాని మీద మూత ఉన్న ఇనప డ్రమ్ము ఎక్కించాను. డ్రమ్ము నుంచి రెండు గొట్టాలు. ఒకటి వంటింటికి, ఒకటి పెరటి గది గుమ్మానికి. రోజూ తెల్లవారి నూతి నీళ్లు తోడి నేనే నింపేవాణ్ణి. మా వీధిలో ఇంట్లో కుళాయి ఉన్నది మాకే.

ఆ ఏడే అక్క పురిటికి వచ్చింది. పెరటి గదే పురిటిగది అయింది. మగపిల్లాడు పుట్టాడు. నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకి జలుబు చేస్తుందని అమ్మ అక్కకి రోజుకి రెండు గుక్కల వేణ్ణీళ్లే ఇచ్చేది. అక్క ఎవరూ చూడకుండా కుళాయికి దోసిలి పట్టి తాగేది.

"ఈ కుళాయి వల్లే బతికున్నానురా. అమ్మతో అనకు," అంది నాతో.

అయిదో రోజు నుంచి నీళ్లు మారాయి. నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాను. పొద్దున్న నింపేటప్పుడు తేట. మధ్యాహ్నానికి లేత పసుపు. నూతిలో మాత్రం ఎప్పుడూ తేటే. నాన్న పంచెకి సబ్బు పెడితే ఎర్ర మరకలు. రెండు రోజులు మట్టి వాసన, తరవాత లేదు. ఎరుపు కనక ఇనుము అని తేల్చుకున్నాను. డ్రమ్ము ఖాళీ చేసి లోపలంతా తడిమి చూశాను. ఎక్కడా తుప్పు లేదు. మర్నాడు మళ్లీ పసుపే.

నాన్న పంచె పట్టుకుని వచ్చాడు. "సదువుకున్నోడివి, కుళాయి ఎట్టి నీళ్లకి పచ్చకామెర్లు తెచ్చేవు. పసిగుంటడున్న ఇల్లు. ఆదివారానికి కారణం సెప్పు. లేపోతే ఇప్పేద్దాం."

కుళాయి విప్పేస్తే అక్కకి మళ్లీ రెండు గుక్కలే.

శుక్రవారం మధ్యాహ్నం గడ్డివాము పక్కన కూర్చుని కాపలా కాశాను. నాయనమ్మ చెంబుతో వచ్చి, డ్రమ్ము మూత ఎత్తి పసుపునీళ్లు పోసింది. నన్ను చూసి ఏమీ తడబడలేదు.

"ఏటి నాయనమ్మా ఇది?"

"పురుటి మనిషి ముట్టుకున్న కుండయితే మైలని నీళ్లు పారబోస్తాం. ఇదేటి కుండా? అందుకే పసుపేసి సుద్ధి సేస్తన్నాను. ఆ గది కాడి నీళ్లకీ వంటింటి నీళ్లకీ తెంపు ఎక్కడుందో నువ్వే సెప్పు."

ఆలోచించాను. కుళాయి కట్టేసి ఉన్నా గొట్టం నిండా నీళ్లు ఉంటాయి. డ్రమ్ములో, గొట్టాల్లో ఉన్నదంతా ఒకటే నీరు. ఆవిడ తర్కంలో నాకు తప్పు దొరకలేదు.

"అక్కని తాగొద్దనొచ్చు కదా."

"దాహమేస్తే తాగదా బాబూ? నేను ఐదుగుర్ని కన్నాను. మీ అమ్మకి సెప్పకు."

పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపే ఏ ఆడపిల్లైనా చెప్పేది. సబ్బుతోనూ అంతేనని నాకే తట్టలేదు. మట్టి వాసన సంగతి అడిగాను. "నాకేటి తెలుసు," అని వెళ్లిపోయింది. నోటుపుస్తకంలో ఆ లైను పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఇప్పటికీ అలాగే ఉంది.

ఆదివారం నాన్న అడిగాడు. పసుపు అని చెబితే ఎందుకని అడుగుతాడు, అది అక్క దోసిలి దాకా వెళ్తుంది.

"రెండు గొట్టాలకీ ఒకే డ్రమ్ము పెట్టడం నా తప్పు. పెరటి గదికి వేరేది కావాలి," అన్నాను.

"అదీ ఒక కారణమేనా?"

"అదే కారణం."

నాన్న బెల్లం వండే పాక నుంచి పాత డ్రమ్ము ఒకటి తెప్పించాడు.

వంటింటి నీళ్లు ఆ రోజు నుంచి తేటగానే ఉన్నాయి. మూడో రోజు అక్క డ్రమ్ములో నీళ్లు లేత పసుపుగా కనిపించాయి. నాయనమ్మని అడిగితే, "వేరే డ్రమ్ము ఎట్టేక నాకేటి పని? నేను ఎయ్యలేదు," అంది. ఇంట్లో పసుపు ముట్టే మనిషి ఇక అమ్మ ఒక్కతే. ఎవరికి జలుబు చేసినా పసుపునీళ్లు తాగించేదీ అమ్మే. అమ్మ అక్కకి ఎప్పటిలాగే రెండు గుక్కల వేణ్ణీళ్లు ఇస్తోంది. అమ్మకి ఎప్పటి నుంచి తెలుసో, తెలిసీ ఆ రెండు గుక్కలు ఎందుకిస్తోందో నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. అక్క రోజూ తాగుతోంది. నేను రెండు డ్రమ్ములూ నింపుతున్నాను.