ఖాళీ పడవకు నప్పిన ఫ్యాను

ఇవాళ బందరులో ఇంజన్ల షాపుకెళ్ళి, మార్పించుకుందామని తీసుకెళ్ళిన ఫ్యానుతోనే వెనక్కొచ్చాం. ఫ్యానంటే పడవ ఇంజనుకు బిగించే ప్రొపెల్లరు. వేగానికొకటి, బరువు లాగడానికొకటి ఉంటాయి. చేపల పడవ కాబట్టి బరువుదే కావాలని మా బావ కొనేటప్పుడే షాపాయనకు చెప్పాడు.

కొత్త సామానుకు పూజ చేసిన రోజు పడవలోకి వల ఎక్కించకూడదని మా రేవులో పట్టింపు. షాపాయన సరిగ్గా ఆ రోజే ట్రయల్ పెట్టాడు. ఖాళీ పడవ బాణంలా దూసుకుపోయింది. బావ మురిసిపోయాడు. నేనైతే చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడు వల, ఐసు, నలుగురు మనుషులు ఎక్కేసరికి ఇంజను నల్లటి పొగ కక్కింది. పడవ మాత్రం కదల్లేక కదిలింది. మాకు అంటగట్టింది వేగం ఫ్యానన్నమాట.

"ట్రయల్ మీ కళ్ళముందే అయిందిగా అండీ. బ్రహ్మాండం అన్నది మీరేగా!" అన్నాడు షాపాయన, ఇవాళ ఫ్యాను మార్చమంటే.

"ఖాళీ పడవేసుకుని సముద్రంలోకి షికారుకెళ్తామా అండీ?" అన్నాడు బావ.

ఆయన వినిపించుకోలేదు. మేం మెట్లు దిగుతుంటే, అప్పుడే వచ్చిన ఇంకో పడవ యజమానిని ఎంతో వినయంగా అడుగుతున్నాడు: "పూజ ఎప్పుడు పెట్టుకున్నారండీ? ఆ రోజే ట్రయల్ చూసేద్దాం."

ఇంత దైవభక్తి గల వ్యాపారి మీ ఊళ్ళో కూడా ఉన్నాడా?