గరిటె దెబ్బ

ఇంజన్ పొగను టర్బోకి చేరవేసే బరువైన గొట్టాల గుత్తులు, మ్యానిఫోల్డులు చేయడంలో ఆ వెల్డర్‌ది అందెవేసిన చెయ్యి. టర్బో బరువంతా గొట్టాల మీద వేలాడితే పగుళ్లొస్తాయని కింద ఇనుప బద్దతో ఆసరా కట్టేవాడు. అతుకుల వేడి ఒక్కసారిగా చల్లారకుండా బూడిద పెట్టెలో కప్పెట్టేవాడు.

ఇంత చేసినా ఆఖరి మాట భార్యదే. గ్రైండర్ రొదకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. అందుకని ఆవిడ షెడ్డు వెనక వంటింట్లోంచి గరిటె పట్టుకొచ్చి, కొక్కేనికి వేలాడే మ్యానిఫోల్డును ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గేది. ఖంగుమంటే తలూపేది. మోత బొంగురుపోతే, "లోపలెక్కడో చీలింది, మళ్ళీ చెయ్యి" అనేది. ఇనుము సంగతి నీకేం తెలుసని సణుక్కుంటూనే ఆయన మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆవిడ పోయిన రెండో నెలలో ఒక మ్యానిఫోల్డు పగిలి తిరిగొచ్చింది. ముప్ఫై ఏళ్లలో అదే మొదలు. కారు తెచ్చిన డ్రైవర్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఆసరా కట్టలేదా బాబాయ్?" అని అడిగాడు.

"అన్నీ చేశాను" అన్నాడాయన.

పగులు మొదలంటా గీకి, మళ్ళీ అతికి, బూడిదలో చల్లార్చి, మర్నాడు కొక్కేనికి తగిలించాడు. గరిటె తెచ్చి కొట్టాడు. డ్రైవర్ ముఖం విప్పారింది.

"భలే మోగింది బాబాయ్, బిగించేద్దామా?" అని గట్టిగా అడిగాడు.

ఆయన కదల్లేదు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మం వైపే చూస్తూ, "ఉండు," అన్నాడు. "ఆవిడింకా తలూపలేదు."