నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పిన గ్రేస్ టీచర్

నిన్న మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే గ్రేస్ టీచర్ గారి అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ పోయింది."

ఇంకేం వినపడలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

టీచర్ గారు మా కింది పోర్షన్‌లో ఉండేవారు. సోషల్ చెప్పి రిటైరయ్యారు.

మా కాలనీ వాగు పక్కనే ఉంది. మొన్న వేసవిలో ఆవిడ ఎండలో ఇంటింటికీ తిరిగారు. పాత వరదలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పెద్దవాళ్లని అడిగి, ఆ ఎత్తున గోడల మీద నీలం రంగు గీతలు గీశారు. ఏ ఇంట్లో ఎవరు నడవలేరో, వాళ్లని ఎవరి మేడ మీదకి చేర్చాలో ముందే మాట్లాడి పెట్టారు.

"ముందు మంచం మీదున్న మనుషులండీ. టీవీలు, ఫ్రిజ్‌లు తర్వాత" అనేవారు.

మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారికి ఒళ్లు మండింది.

"ఈ గీతలు చూస్తే ఇక్కడ ఇల్లు ఎవడు కొంటాడండీ? మీరే వరదని పిలుస్తున్నట్టుంది!"

"నేను పిలిస్తే వచ్చేది కాదండీ అది. దాని దారిన అది వస్తుంది. ఆ దారిలో ఇళ్లు కట్టుకుంది మనం."

వారం తిరక్కుండా గీతల మీద సున్నం కొట్టించాడు. వరద ముప్పుందని ఆవిడ కలెక్టరాఫీసులో అర్జీ పెడితే ఒక ఆఫీసర్ వచ్చాడు. జీపు దిగలేదు. అద్దం దించి, "మీ ఏరియా సేఫేనమ్మా" అని వెళ్లిపోయాడు.

ఈ వానల్లో వాగు గట్టు తెగింది.

తెల్లారేసరికి నడుం లోతు నీళ్లు. పక్షవాతంతో ఉన్న ఎదురింటి తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒకవైపు మా ఆయన, ఒకవైపు టీచర్ గారు పట్టుకుని మా మేడ ఎక్కించారు. మళ్లీ నీళ్లలోకి దిగబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. విదిలించుకున్నారు.

"ఇంకా ఉన్నారమ్మా!"

మా వీధిలో అందరూ బతికారు.

పక్క వీధివాళ్లు వేసవిలో ఆవిడని గుమ్మంలోంచే పంపేశారు. అక్కడ ఒక ముసలావిడ మంచం మీదే మునిగిపోయింది. ఆ సంగతి టీచర్ గారికి చెప్పింది నేనే. గోడకి చేరగిలబడి చాలాసేపు ఏడ్చారు.

రోజంతా ఆ మురుగునీళ్లలో నానిన మనిషికి జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తులకి పాకింది. గవర్నర్‌పేట హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. మరి లేవలేదు.

ఇవాళ పొద్దున్నే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు.

"మా కాలనీ ఆణిముత్యం" అట! ఆవిడ ఫొటో కంటే ప్రెసిడెంట్ ఫొటో పెద్దది.

ప్రకృతి వైపరీత్యం అని నా దగ్గర ఎవరూ అనకండి. వాగు ఎవర్నీ మోసం చెయ్యలేదు. జీపు దిగనివాడు చేశాడు. సున్నం కొట్టించినవాడు చేశాడు.

ప్రెసిడెంట్ సార్, ఈ పోస్ట్ మీరు చూస్తారని తెలుసు. సాయంత్రం సమాధుల తోటకి రండి. మైకు మాత్రం ముట్టుకోకండి.

టీచర్ గారూ, వెళ్లిరండి.

ప్రభువు ఒడిలో మీకు నిమ్మళం దొరకాలి.

మాకు మాత్రం ఇప్పట్లో దొరకకూడదు.